పాపాఘ్ని ఇసుకలో పనివాళ్లు

ఎండాకాలం పాపాఘ్ని ఏట్లో చెలమ తీసేటప్పుడు మా అవ్వ తొందరపడేది కాదు. మోచేతి లోతు ఇసుక తోడి, మొదట ఊరిన బురదనీళ్లు టెంకాయ చిప్పతో ఎత్తిపోసేది. రెండోసారి ఊరినవీ పారబోసేది. అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటపడ్డాకే చిప్పతో ముంచి కడవలో పోసేది. ‘ఇసుక కడిగిన నీళ్లురా’ అనేది.

ఆ కడిగే పనిలో ఇసుకకు తోడు ఎవరున్నారో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తడి ఇసుక రేణువుల మీద కంటికి కనిపించని జిగురు పొర పడుతుంది. అందులో కాపురముండే సూక్ష్మజీవులు మెల్లగా ఇంకే నీటిలోని మలినాన్ని, రోగక్రిములను పట్టి తినేస్తాయి. 1892లో హాంబర్గ్ నగరం ఎల్బే నది నీళ్లు వడకట్టకుండా తాగి, కలరాతో ఎనిమిది వేల మందికి పైగా పోగొట్టుకుంది. పక్కనే ఉన్న ఆల్టోనాకూ అదే నది దిక్కు, అదీ హాంబర్గ్‌కు దిగువన. ఆ ఊరు నీళ్లను ఇసుక మడుల్లో వడకట్టి తాగింది, చాలావరకు బయటపడింది. రాబర్ట్ కోచ్ ఆ తేడాను లోకానికి చూపించాడు. ఏట్లో ఇసుకను టిప్పర్లకెత్తితే ఊరికి నీళ్లు వడకట్టి ఇచ్చే పనివాళ్లూ దాంతోపాటే పోతారు.

ఇలాంటి సూక్ష్మజీవులతో మన ఊరు వేంపల్లెకున్న చుట్టరికం ఇప్పటిది కాదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప రాళ్ల మీద రాసిన గ్రంథంలో ఇక్కడి శిలలకు మన ఊరి పేరే పెట్టాడు. ఆ డోలమైటు రాతిని అడ్డంగా కోస్తే ఉల్లిగడ్డ కోసినట్టు పొర మీద పొర కనిపిస్తుంది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ లోతులేని సముద్రం ఉన్నప్పుడు, పాచిలా పరుచుకున్న సయనోబ్యాక్టీరియా కట్టిన పొరలవి. వాటి వారసులే నేటికీ మన కుంటలను పచ్చబరుస్తున్నాయి.

తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ ఆ రాతిలోనే. సున్నపు గుణమున్న రాయి కాబట్టి అక్కడ ఖనిజాన్ని ఆమ్లంతో కాక సోడా క్షారాలతో కరిగిస్తారు. ఆ గని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోర్లు చెడిపోయాయని, అరటి దెబ్బతింటోందని మొరపెట్టుకుంటున్నారు. గని నడిపే యూసీఐఎల్ కాదంటోంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి శాంపిల్ పడతారు, కాగితం వస్తుంది, తగాదా మళ్లీ మొదటికే వస్తుంది.

శాంపిల్‌గా పట్టిన ఒక్క సీసా ఆ ఒక్కరోజు సంగతే చెబుతుంది. నీళ్లలో బతికే జీవులు మాత్రం గడిచిన వారాల కథంతా ఒంటి మీద మోస్తుంటాయి. నీటి గుణం మారితే, చేపలు చచ్చి తేలకముందే, నీళ్లలో తేలాడే సూక్ష్మజీవులైన ప్లవకాల్లో కొన్ని రకాలు తగ్గి మరికొన్ని పెచ్చుమీరుతాయి. భూగర్భంలోనూ వీటి పాత్ర చిన్నది కాదు. గాలి తగలనిచోట కొన్ని బ్యాక్టీరియాలు నీటిలో కరిగిన యురేనియంను కరగని రూపంలోకి మారుస్తాయని డెరెక్ లవ్లీ అనే శాస్త్రవేత్త బృందం 1991లోనే రుజువు చేసింది. అలాంటప్పుడు మన బోర్ల అడుగున ఎవరున్నారో చూడకుండా యురేనియం లెక్క ఒక్కటే చూస్తే సగం లెక్కే అవుతుంది.

అందుకే నేను అడిగేది నెలనెలా రాసే రిజిస్టరు. గండి దగ్గర, వేంపల్లె వంతెన కింద, వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న బోర్లలో, పార్నపల్లె చిత్రావతి జలాశయంలో. లవణాలు, యురేనియం, కోలిఫాం బ్యాక్టీరియా, వాటి పక్కనే ప్లవకాల రకాలు, వాటి సంఖ్య. ఫలితం ఏదైనా పంచాయతీ గోడ మీద అంటించాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో వేలమంది పిల్లలున్నారు, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ప్లవకాల వల, సూక్ష్మదర్శిని, నీటి తేటదనం చూసే నలుపు తెలుపు పళ్లెం, ఇవేమీ కోట్ల సరుకు కాదు.

శ్రావణ శనివారాల్లో గండి అంజన్న గుడి దగ్గర జనం కిక్కిరిసిపోతారు. ఏట్లో నీళ్లుంటే మునగకుండా గుడికి పోరు. ఈసారి జనం రాకముందు శుక్రవారం ఒక సీసా, వెళ్లాక ఆదివారం ఒక సీసా నీళ్లు పట్టి, రిజిస్టరులో మొదటి రెండు వరుసలు నింపండి.