పాత బంగళాలకు అతిథులు కావలెను

హైటెక్ సిటీకి వచ్చిన మనుష్యుడు ఎక్కడ బస చేయుననునది చిన్న ప్రశ్నగా కనబడవచ్చును గాని, ఈ మహానగరమునందు మిగిలియున్న పాత గృహముల భవిష్యత్తు ఆ ప్రశ్నకు మనమిచ్చు సమాధానముతో ముడిపడియున్నదని నా దృఢవిశ్వాసము. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి చేతులమీదుగా సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములకు దేశదేశముల ఇంజనీర్లును, ఇంటర్వ్యూలకై వచ్చు యువకులును, పిల్లల కాపురములు చూడవచ్చు తల్లిదండ్రులును ఎడతెగక వచ్చుచునే యున్నారు. వారికై పెద్ద హోటళ్లు, సర్వీసు అపార్టుమెంట్లు, పీజీ హాస్టళ్లు వెలసినవి. శుభ్రతకును, వసతికిని వానిలో లోటులేదు. ఐనను ఆ గదిలో ఉదయమున కన్ను తెరచిన అతిథికి, తానున్నది హైదరాబాదని తెలుపు వస్తువొక్కటియు అచట కానరాదు.

ఆ అతిథియే రాయదుర్గములో మెట్రో ఎక్కినచో, నడుమ బండి మారవలసిన పనిలేకయే బేగంపేట, ప్యారడైజు, పరేడ్ గ్రౌండు దాటి సికిందరాబాదు చేరగలడు. 2019లో ఈ మార్గము అమీరుపేటనుండి హైటెక్ సిటీకిని, పిదప రాయదుర్గమునకును పొడిగింపబడినప్పుడు, నగరపు అత్యాధునిక భాగమును విక్టోరియా రాణి కాలపు భాగముతో ఒకే రైలుబాట కలిపినది. మూడవ ఆసఫ్‌జాయైన సికందర్ జా పేర 1806లో వెలసిన ఆ జంటనగరమున, రొనాల్డ్ రాస్ బేగంపేటలోని ఒక చిన్న కట్టడమునందు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన 1897వ సంవత్సరముననే గడియార స్తంభము నిలిచిన ఆ ఊరిలో, పాత బంగళాలు నేటికిని అచ్చటచ్చట మిగిలియున్నవి. బండి వచ్చి నిలుచుటకు ముందొక పోర్టికో, ఎండను జల్లును గదులవరకు రానీయని వెడల్పాటి వరండా, తలయెత్తి చూడవలసినంత ఎత్తున కప్పు, ఆ కప్పు క్రింద వేడిగాలి వెడలిపోవుటకై తాడు లాగి తెరచు వెంటిలేటర్లు, టేకు దూలములు, మంగళూరు పెంకులు, చూరు అంచున కొయ్యలో కోసిన నగిషీ, ఇవి యన్నియు కలిసినది ఆ కట్టుబడి. దక్కను వేసవి యెట్టిదో యెరిగినవారు కట్టిన ఇండ్లవి. అట్టి ఇంటిని నేలమట్టము చేయుటకు నేడు జేసీబీకి ఒక్క పూట చాలును.

మనుష్యసంచారము లేని ఇల్లే త్వరగా శిథిలమగుననుటకు ఈ నగరచరిత్రలోనే నిదర్శనములున్నవి. సర్ నిజామత్ జంగు తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలను తలపించునట్లు 1915లో నౌబత్ పహాడు చెంత హిల్‌ఫోర్టు ప్యాలెస్ కట్టించుకొనెను. అది తరువాత నిజాము కుమారుడు మోజమ్ జా నివాసమైనది. 1955 నుండి రిట్జ్ హోటలై దశాబ్దములపాటు అతిథులతో కళకళలాడినది. హోటలు మూతబడిన పిమ్మట ఆ సౌధమునకు పట్టిన దుర్దశ చూచినవారికి కంట నీరు తిరుగును: కప్పులు కూలినవి, గోడలపై చెట్లు మొలచినవి. నలువదేండ్ల హోటలు వ్యాపారము చేయని చెరుపును తాళపుచెవి చేసినది. దీనికి భిన్నముగా, వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించిన ఫలక్‌నుమా, ఆరవ నిజాము వశమై, రాజాతిథుల బసగా వెలిగి, 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుకు ఆతిథ్యమిచ్చిన పిదప చిరకాలము నిరుపయోగముగా పడియుండి, తాజ్ సంస్థవారికి కౌలునకు పోయి, దీర్ఘమైన మరమ్మతుల అనంతరము 2010లో హోటలుగా మరల తెరువబడినది. అతిథికై అలంకరింపబడిన ఇల్లు అతిథివలననే మరల బ్రతికినది.

కాని నేను రాజప్రాసాదములను గూర్చి వ్రాయబూనలేదు. ప్రాసాదమును కాపాడుటకు ఏనాటికైనను ధనవంతుడొకడు దొరకును. నాలుగు గదులు, రెండు వరండాలు, వెనుక ఒక నూయి, ముందొక వేపచెట్టు గల ఇంటికి దిక్కెవరు? దానికి దిక్కు అందు కాపురముండు కుటుంబమే. ఆ కుటుంబమునకు ఊతము, రెండు మూడు గదులు అతిథులకిచ్చి ఉదయపు టిఫిను పెట్టి పంపు వృత్తి. ఇది క్రొత్తగా కనిపెట్టవలసినది కాదు. కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ ఇట్టి ఇండ్లను గుర్తించుటకు ఏర్పరచిన పథకమున్నది. యజమాని సకుటుంబముగా అచ్చటనే నివసింపవలెను. అతిథులకిచ్చు గదులు ఒకటినుండి ఆరువరకు, మంచములు పండ్రెండుకు మించరాదు. ప్రమాణమును బట్టి గోల్డు, సిల్వరు అను రెండు శ్రేణులు. ఫోర్టు కొచ్చిలోను, పుదుచ్చేరిలోను, రాజస్థాన హవేలీలలోను పాత ఇండ్లు ఈ విధముగనే జీవనము సంపాదించుకొనుచున్నవి. 1830లో మద్రాసునుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి బస యెట్టిదో, దినుసులు దొరకునో లేదో శ్రద్ధగా వ్రాసికొనెను. దారిలో బస దొరకుట యన్నది ఒక ఊరి మర్యాదకు కొలమానమని ఆ గ్రంథము చదివినప్పుడెల్ల నాకు తోచును.

ఈ వృత్తి సులువైనదని మాత్రము ఎవరును భ్రమపడరాదు. సైబరాబాదునకు వచ్చు అతిథి అర్ధరాత్రి అమెరికావారితో మాటలాడి, తెల్లవారుజామున నిద్రకు పోయి, పదకొండు గంటలకు టిఫిను అడుగును. ప్రక్కగదిలోని వృద్ధదంపతులు ఐదు గంటలకే లేచి కాఫీకై ఎదురుచూతురు. ఇరువురకును చిరునవ్వు చెరగకుండ వడ్డింపవలెను. ఏమి వడ్డింపవలెనన్న, ఆ ఇంటివారు తినునదే వడ్డింపవలెనని నా అభిప్రాయము. ఒక ఇంట ఖిచిడీ, ఖీమా, ఖట్టా. మరొక ఇంట పెసరట్టు, అల్లపు పచ్చడి. వేరొక ఇంట సర్వపిండి. హోటలు బఫేలో ముప్పది రకములు తిన్నవాడు మూడు నెలలకు మరచిపోవును గాని, ఒక గృహిణి స్వయముగా పెనము మీదినుండి తీసి పెట్టిన సర్వపిండిని, ఆ పెట్టునప్పుడు ఆమె చెప్పిన ఇంటి కథను మరువడు.

విక్టోరియా కాలపు ఇండ్లనగా పరపాలకుల చిహ్నములు కదా, వానిని మనమేల కాపాడవలెనని ప్రశ్నించువారున్నారు. వారి ఆవేదనను నేను గౌరవింతును. అయితే ఆ ఇండ్ల యజమానులలో సైనికాధికారులతోబాటు పార్సీలు, మొదలియార్లు, ఆంగ్లో ఇండియనులు, తెలుగు వర్తకులు నుండిరి. వానిని కట్టిన చేతులు మన మేస్త్రీలవి, మన వడ్రంగులవి. ఆ నగిషీ కోసినవాని పేరు ఏ శాసనముపైనను లేదు. ఆ ఇల్లు పోయినచో మిగిలియున్న వాని సంతకమే పోవును.

ఇక మరమ్మతుల మాట. ఇచటనే అధికసంఖ్యాకులు సదుద్దేశముతోనే ఇంటిని పాడుచేయుచున్నారు గావున కొంచెము విపులముగా చెప్పెదను. పాత గోడ సున్నముతో కట్టినది. అది తేమను పీల్చును, ఎండ తగిలినంతనే వదలును. ఆ గోడ పెచ్చులూడినదని దానిపై సిమెంటు పూసినచో, లోని తేమకు బయటికి త్రోవ లేక, ఉప్పు పొంగి, ఇటుకయే పొడిగా రాలిపోవును. గానుగలో ఆడించిన సున్నమునందు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి పూయు పాత పద్ధతి ఆలస్యమైనదే గాని, ఆ గోడకు సరిపడునది అదియే. రెండవది స్నానాల గది. పూర్వము అది ఇంటికి వెలుపల ఉండెడిది. నేటి అతిథికి గది గదికిని వేరుగా కావలెను. దూలములపై నిలిచిన మేడమీది గదిలో మూలనొక స్నానాల గదిని కట్టినచో, నీరు ఊరి, చెదలు పట్టి, టేకు దూలమే కుళ్లును. వెనుకవైపు వరండాలో, నేల మట్టమున, పాత గోడను తాకక వేరుగా నిలుచునట్లు గొట్టములు నడిపించుట ఉత్తమము. విద్యుత్తు తీగలను పూర్తిగా మార్చవలెను, అందు పొదుపు పనికిరాదు. ఏసీ పెట్టుటకై వెంటిలేటరు పగులగొట్టువారిని చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. ఎత్తైన కప్పు, తెరచిన వెంటిలేటరు, మెల్లగా తిరుగు పంకా కలిసినప్పుడు ఏడాదిలో చాల నెలలు ఏసీ అక్కరయే రాదు.

ఇంత చేసినను లెక్క కుదురునా? ఇచట నిర్మొగమాటముగా మాటలాడవలెను. ఆరు గదుల అద్దె ఇంటి సున్నమునకును, పెంకులకును, పనివారి జీతములకును సరిపోవును. స్థలము విలువకు సరితూగదు. పెద్ద ఆవరణ గల బంగళాకు వారసులు నలుగురైదుగురుందురు; అందొకరు అమెరికాలో, ఒకరు బెంగళూరులో; బిల్డరు వచ్చి డెవలప్‌మెంటుకు ఇచ్చినచో తలకు రెండు ఫ్లాట్లనగానే సంతకములు పడిపోవును. వారిని నిందించుట అన్యాయము. ఊరందరి ఆనందమునకై ఒక కుటుంబము మాత్రమే నష్టపడవలెననుట ధర్మము కాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలలోనే, వారసత్వ కట్టడమును నిలిపి ఉపయోగములో నుంచు యజమానికి బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు, అనగా టీడీఆర్, ఇచ్చు వీలున్నది. బిల్డర్లు ఈ హక్కు పత్రములను కొని అదనపు అంతస్తులకు వాడుకొందురు. రోడ్ల వెడల్పునకు స్థలమిచ్చినవారికి ఈ పత్రములు ఎంత వేగముగా అందవలెనో, వరండాను కూల్చక నిలిపిన కుటుంబమునకును అంత వేగముగనే అందవలెను. అప్పుడు నానక్‌రామ్‌గూడలో లేచు ఒక అంతస్తు, సికిందరాబాదులో ఒక ఇంటిని నిలుపును.

న్యాయస్థానములు చేయగలిగినంత చేయుచున్నవి. ఎర్రమంజిలు ప్రాసాదమును కూల్చి అచట శాసనసభా భవనము కట్టదలచిన ప్రభుత్వ నిర్ణయమును 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసినది. కాని తీర్పు జేసీబీని ఆపును, పెంకు మార్చదు. అదియు గాక, కంటోన్మెంటులోని ఓల్డ్ గ్రాంటు బంగళాలలో భూమి ప్రభుత్వానిది, కట్టడము మాత్రమే అనుభవదారునిది. నివాసమునకు తప్ప మరి దేనికిని వాడరాదను షరతు వారిని బంధించియున్నది. యజమాని తాను నివసించుచు మూడు గదులు అతిథులకిచ్చుటను నివాసముగనే పరిగణింపవలెనని రక్షణశాఖ ఒక్క ఉత్తరువు ఇచ్చినచో, ఖజానాకు నష్టము లేకయే అనేక గృహములకు ఊపిరి వచ్చును. నగరపాలక సంస్థ కూడ అట్టి ఇంటికి ఇంటిపన్నును, నీటి, విద్యుత్తు ధరలను గృహవినియోగపు లెక్కననే ఉంచవలెను. ఇరుగుపొరుగుల నిద్ర చెడగొట్టు విందులకు గదులిచ్చువారి గుర్తింపును మాత్రము దయలేక రద్దుచేయవలెను.

ఐటీ సంస్థలకు నేను చేయు మనవి ఒకటున్నది. 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటు బేగంపేటలోని పైగా ప్యాలెస్ నందు పనిచేసి, పిదప నానక్‌రామ్‌గూడలోని స్వంత భవనమునకు తరలిపోయినది. భద్రతయందు అంత పట్టుదల గల రాజ్యమే పదునైదేండ్లు ఒక పాత సౌధమున నిశ్చింతగా నుండగా, ఒక వారమునకై వచ్చు ఇంజనీరు ఉండలేడనుట నమ్మదగినది కాదు. కంపెనీల ట్రావెల్ డెస్కులు తమ బసల పట్టికలో గుర్తింపు పొందిన ఇట్టి ఇండ్లను చేర్చిన చాలును; ఏడాది పొడవున అతిథి వచ్చునను ధైర్యమే ఇంటి యజమానికి బ్యాంకు అప్పు పుట్టించును. పనివారికై వెదకుచు దూరము పోనక్కరలేదు: నిర్మాణ కార్మికులకు శిక్షణనిచ్చు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ హైటెక్ సిటీ ప్రక్కనే యున్నది; ఆతిథ్యవిద్య నేర్పు పర్యాటక సంస్థ గచ్చిబౌలిలో నున్నది. మొదటిదానిలో సున్నపు పని తెలిసిన వృద్ధ మేస్త్రీలను గురువులుగా కూర్చుండబెట్టి ఒక తరగతి నడుపవలెను. రెండవదానిలో చిన్న ఇంటి యజమానులకు, ముఖ్యముగా గృహిణులకు, లెక్కలు, పరిశుభ్రత, అగ్నిభద్రత నేర్పవలెను. ఈ రెండు సంస్థలును కలిసి, సమ్మతించిన ఒక కుటుంబపు బంగళానే ప్రయోగశాలగా తీసికొని, వానలు పడకముందే దాని కప్పు బాగుచేయుటతో పని ఆరంభింపవచ్చును.