పలాస వైద్యశాల: గోడలు చాలునా?

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, కొబ్బరితోటలతోను, జీడితోపులతోను, పనసచెట్లతోను పచ్చగా నుండు సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నాలుకపై ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు వినినతోడనే నేడు మనకు తోట జ్ఞప్తికి వచ్చుటలేదు. రోగము జ్ఞప్తికి వచ్చుచున్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధిచే యజమానిని గోల్పోయిన యిండ్లు ఎన్ని లేవు! చెట్టెక్కి కాయ దింపినవాడు, పొలమున కలుపు తీసినది, కష్టించి కుటుంబమును పోషించినవారే ఈ వ్యాధికి ఆహుతులగుచున్నారు.

దశాబ్దముల తరబడి వీరికి దిక్కు విశాఖపట్టణము. 1923లో అచ్చట వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రికి ఇచ్ఛాపురమునుండి 200 కిలోమీటర్లకు మించిన త్రోవ. మూత్రపిండములు పూర్తిగా చెడినవానికి డయాలిసిస్ అను రక్తశుద్ధి సాధారణముగా వారమునకు మూడుమార్లు, మారొకటికి నాలుగేసి గంటలు జరుగవలయును. ఇంతదూరము వారమునకు మూడుమార్లు పోయివచ్చువాడు ఇక కూలికి పోవుటెప్పుడు? ఈ దురవస్థను జూచియే 2019లో రక్తశుద్ధి పొందు రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పరుపబడినది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల వైద్యశాలయు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును తెరువబడినవి. సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో హిరమండలమునుండి వంశధారజలమును ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభింపబడినది. అడిగినవారిని, ఇచ్చినవారిని మేము సమానముగా అభినందించుచున్నాము.

కాని మేమొక ప్రశ్న వేయక తప్పదు. వైద్యశాల యనగా నేమి? గోడలా? పడకలా? యంత్రములా? ఇవియన్నియు ధనముచే వచ్చును. వైద్యశాలకు ప్రాణము దాని సిబ్బంది. దాని వాక్కు అది ప్రజలకు జెప్పు ఆరోగ్యబోధ. ఈ రెండును లేనిచో ఎంతటి భవనమైనను కడగడియ రోగులకు సత్రము మాత్రమే యగును.

మొదట సిబ్బంది విషయము. మూత్రపిండ వైద్యనిపుణుడు కావలయునన్న వైద్యవిద్య మొదలు తుదివరకు దాదాపు పండ్రెండేండ్లు పట్టును. అట్టివాడు పట్టణమును విడిచి పలాసకు వచ్చునా యని కొందరు పెదవి విరుచుచున్నారు. రాడని ముందే తీర్మానించుకొని ఊరకుండుట న్యాయమా? ఉండుటకు మంచి యిల్లు, బిడ్డలకు బడి, పరిశోధనకు సాధనములు, పదోన్నతిలో ఈ సేవకు ప్రత్యేకమైన లెక్క - ఇవి కల్పించిన పిమ్మట గదా పిలుపు! శ్రీకాకుళమున ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. విజయనగరమున 2023లో మరియొకటి తెరువబడినది. ఈ రెండింటి విద్యార్థులు పట్టము పొందుటకు ముందు ఒక నెలయైనను ఉద్దానమున పనిచేయవలెనని నియమమేల ఉండరాదు? రక్తశుద్ధి యంత్రములను నడపువారిని, నర్సులను ఈ మండలముల యువతీయువకులనుండియే ఎన్నుకొని తరిఫీదు ఇచ్చినచో, వారు బదిలీకై కాచుకొని యుండరు. రోగి వారికి పరాయివాడు కాడు. మేనమామయో, పొరుగింటి పెద్దమ్మయో యగును.

ఇక సేవ విషయము. ఈ వ్యాధి దొంగవలె వచ్చును. మూత్రపిండముల శక్తి సగమునకు పైగా క్షీణించువరకు రోగికి బాధ తెలియదు. మధుమేహముచే వచ్చు మూత్రపిండవ్యాధిలో మూత్రమునందు మాంసకృత్తులు ముందుగా కానవచ్చును. ఉద్దానపు వ్యాధిలో చాలమందికి అవి స్వల్పముగానే యుండును, రక్తపుపోటును మొదట అంతగా హెచ్చదు. కావున మూత్రపరీక్ష బాగున్నదని ఇంటికి పంపినవాడు ఆరోగ్యవంతుడని చెప్పుటకు వీలులేదు. రక్తములో క్రియాటినిన్ అను పదార్థమును కొలువవలయును. అదియు ఒక్కమారు గాక ఏటేట కొలిచి, పెరుగుచున్నదో లేదో చూడవలయును. ఈ పనికి రోగి వైద్యశాలకు పోవుట గాక వైద్యశాలయే గ్రామమునకు పోవలయును. పడకల లెక్క చూచి సంతోషించువారికి మేము చెప్పునదొక్కటే: పడక అవసరము లేకుండ చేయబడిన మనుష్యుల లెక్కయే ఈ వైద్యశాలకు నిజమైన కీర్తి.

ఆరోగ్యబోధ విషయము ఇంకను సూక్ష్మమైనది. ఎండలో పాటుపడు ఆరోగ్యవంతునకు "మంచినీళ్లు బాగుగా త్రాగుము" అని చెప్పవలయును. అదే యింట రక్తశుద్ధి పొందుచు మూత్రము సరిగా రాని తండ్రికి "కొలిచి త్రాగుము" అని చెప్పవలయును. అధికమైన నీరు అతని ఊపిరితిత్తులను ముంచును. కొబ్బరిసీమలో నీరసపడినవానికి లేత బొండాము కొట్టి ఇచ్చుట ప్రేమకు గుర్తు. కాని కొబ్బరినీటిలో పొటాషియము మెండు. మూత్రపిండములు చెడినవానికి అది గుండెను నిలిపివేయగలదు. పనసతొనలకును ఇదే హెచ్చరిక. ప్రేమతో పెట్టిన తొనయే ప్రాణాపాయమగునని ఆ తల్లికి చెప్పినవారెవరు? ఒళ్లునొప్పులకని అంగడిలో చీటి లేకుండ కొని నిత్యము మింగు మాత్రలు మూత్రపిండములకు చేటని ఆ కూలివానికి చెప్పినవారెవరు? ఒకే యింట ఇరువురికి రెండు విరుద్ధమైన సలహాలు కావలసియుండగా, గోడకు అంటించిన ఒక ప్రకటన చాలునా? మనిషి మనిషితో కూర్చుండి మాటలాడవలయును.

ఆ మాట ఏ భాషలో నుండవలయును? 1863లో ఈ జిల్లాలోని పర్వతాలపేటలో జనించిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన్యపు సవరలకు చదువు చెప్పుటకై తానే సవరభాషను నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, 1931లో దాని వ్యాకరణమును వెలువరించిరి. చెప్పువాడు వినువాని భాషకు దిగివచ్చుటే ధర్మమని వారు ఆచరించి చూపిరి. వైద్యుని చీటియు, పరీక్షాఫలితమును జనుల తెలుగులో నుండవలయును. ఇచ్ఛాపురపు సరిహద్దున ఒడియా వారికి ఒడియాలో నుండవలయును. మేము గ్రాంథికమున వ్రాయుచున్నను, రోగి ప్రక్కన మాత్రము వాడుకమాటయే శాస్త్రమని యొప్పుకొనుచున్నాము.

"వ్యాధికి కారణమే తేలలేదు, ఏమి చేయుదురు?" అని కొందరందురు. నిజమే, నీరా, ఎండయా, పురుగుమందులా, నేలలోని ఖనిజములా, ఇవి కలిసియా యనునది నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఈ కష్టము మన ఒక్కరిదియు కాదు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములందు చెరకు కొట్టు కూలీలను, సింహళపు ఉత్తరమధ్య రాష్ట్రమున వరిపండించు రైతులను ఇట్టి వ్యాధియే పీడించుచున్నది. అచ్చటను కారణము పూర్తిగా తేలలేదు. అయినను నికరాగువా చెరకుతోటలలో కూలీలకు నీరు, నీడ, విశ్రాంతి నియమముగా ఇచ్చు ఏర్పాటు మొదలిడిరి. కారణము తెలియువరకు చేతులు ముడుచుకొనుట వారు నేర్వలేదు. మన జీడితోటల యజమానులు ఈపాటి చేయజాలరా?

పరిశోధకులకును ఒక మాట. ఉద్దానపు ప్రజలు తమ రక్తమును పరీక్షకు ఇచ్చినారు. రక్తము ఇచ్చినవానికి దాని ఫలితము తెలుపుట ఋణము దీర్చుట. పరదేశపు పత్రికలలో వ్యాసము వెలువడినంతమాత్రమున ఆ ఋణము తీరదు. పలాస పరిశోధనకేంద్రము ప్రపంచమునకు విద్య నేర్పు స్థానము కావలెనని మా కోరిక. కాని దాని మొదటి శ్రోత కవిటి రైతు కావలయును.

కావున మేము కోరునవి మూడు. నిపుణుల ఉద్యోగములలో ఎన్ని నిండినవో, ఎన్ని ఖాళీగా నున్నవో ప్రతిమాసము వైద్యశాల ద్వారముననే వ్రాయింపవలయును. గ్రామగ్రామమున ఏటేట రక్తపరీక్ష జరిపి, ఫలితమును రోగిచేతికి ఇయ్యవలయును. ప్రతి యింటికి ఆరోగ్యబోధ చేయు కార్యకర్తలను నియమింపవలయును. ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులు. గ్రంథాలయములలో కూర్చుండి ఈ పంక్తులు చదువు సోదరులకును ఒక పని కలదు: చదువరాని పొరుగువాని పరీక్షాపత్రమును చదివి, అందలి సంఖ్యకు అర్థము జెప్పుడు, అది పెరుగుచున్నయెడల వానిని చేయిపట్టి పలాసకు కొనిపొండు. ఆ పనికి ఏ యుత్తరువును అక్కరలేదు.