పసిబిడ్డకు ఏం తెలుసు?

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపించడం మన ఇళ్లలో తరతరాల ఆనవాయితీ. ఆ క్షణంలో ‘ఈ పసికందుకు ఏం అర్థమవుతుంది?’ అని ఎవరూ అడగరు. కానీ ఆ మర్నాటి నుంచే అదే ప్రశ్న మన నోట వినిపిస్తుంది. బిడ్డతో కబుర్లాడే కోడలిని చూసి, ‘ఇంకా మాటలు రాని బిడ్డతో ముచ్చట్లేమిటి?’ అని పెద్దలు నవ్వుతారు. నిజానికి మాట రాని ఆ ఏడాదిలోనే బిడ్డ చెవి ఒక పెద్ద చదువు పూర్తి చేస్తుంది. ఈ సంగతిని లోకానికి తెలిపినవారిలో ఇద్దరు విద్యార్థినులు ఉన్నారు.

మొదటి విద్యార్థిని జానెట్ వర్కర్. 1980ల ఆరంభంలో ఆమె కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్య రిచర్డ్ టీస్ వద్ద పరిశోధన చేశారు. ఆమె ఎంచుకున్న ధ్వనులు మనకు సుపరిచితమైనవే. ‘పాత’కూ ‘పాట’కూ ఉన్న తేడా మనకు పుట్టుకతో వచ్చినట్లే ఉంటుంది. ‘త’ పలికేటప్పుడు నాలుక కొన పళ్లను తాకుతుంది. ‘ట’ పలికేటప్పుడు వెనక్కి మడతపడుతుంది. హిందీలోనూ ఈ భేదం ఉంది, ఆంగ్లంలో లేదు. అందుకే ఆంగ్లం మాత్రమే ఎరిగిన పెద్దలకు ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. మరి వారి పిల్లలకో? ఇదీ ఆమె ప్రశ్న.

మాటలు రాని బిడ్డను అడిగేదెలా? అందుకొక చక్కని ఉపాయం ఉంది. బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ‘త, త, త’ అంటూ ఒకే ధ్వనిని వినిపిస్తారు. నడుమ అది ‘ట’గా మారుతుంది. మార్పును గమనించి బిడ్డ తల తిప్పితే, పక్కనే చీకటి పెట్టెలో దీపం వెలిగి ఆటబొమ్మ ఆడుతుంది. బొమ్మ కోసం బిడ్డ మార్పును కనిపెట్టడం నేర్చుకుంటుంది. తల్లి తెలియకుండా సైగ చేయకుండా ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి సంగీతం వినిపిస్తారు.

1984లో ప్రచురితమైన ఫలితాలు శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆంగ్ల కుటుంబాల పిల్లలు, తమ తల్లిదండ్రులు గుర్తించలేని హిందీ భేదాన్ని సులువుగా గుర్తించారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో అధికులు ఆ నేర్పును కోల్పోయారు. హిందీ వింటూ పెరుగుతున్న పిల్లలలో మాత్రం అది నిలిచి ఉంది. బ్రిటిష్ కొలంబియా ఆదివాసుల థాంప్సన్ భాషలో, నాలుక వెనుక భాగాన పలికే ఒక ధ్వనికీ, ఇంకా లోపల కొండనాలుక వద్ద పలికే మరో ధ్వనికీ నడుమ భేదం ఉంది. దాని విషయంలోనూ ఇదే జరిగింది.

ఈ రెండో భేదం మన పాఠకులకు కొత్త కాదు. అరబీలోని కాఫ్, ఖాఫ్ అక్షరాల పలుకు స్థానాలు కూడా అవే. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఖాఫ్ పలుకు ‘ఖె’గా మారిపోతుంది. సీన్, సాద్, సే అనే మూడూ ఉర్దూ నోట ఒకే ‘స’ అవుతాయి. పెద్దయ్యాక తజ్వీద్ నేర్చుకునేవారికి ఎంత ప్రయత్నించినా ఈ తేడాలు త్వరగా పట్టుబడకపోవడానికి కారణం బద్ధకం కాదు. చెవికి పడిన పాత అలవాటు. అయితే నిరాశ అక్కరలేదు. రెండు ధ్వనులనూ వెంటవెంటనే వినిపిస్తే ఆంగ్లం మాట్లాడే పెద్దలు కూడా హిందీ భేదాన్ని గుర్తించగలిగారు. చెవి చెడిపోలేదు, దాని శ్రద్ధ మళ్లిందంతే. అభ్యాసంతో దానిని మళ్లీ తిప్పుకోవచ్చు.

రెండో విద్యార్థిని జెనీ సాఫ్రాన్. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా ఆమె మరో ప్రశ్న వేశారు. పుస్తకంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, సంభాషణలో ఉండదు. తెలియని భాష వింటే ఏ మాట ఎక్కడ ముగిసిందో మనకు అంతుపట్టదు. మరి పసిబిడ్డ ఆ ప్రవాహం నుంచి మాటలను ఎలా విడదీస్తుంది? ఆమె ‘బిడాకు’, ‘పాడోటి’, ‘గోలాబు’ వంటి అర్థంలేని మాటలను విరామం లేకుండా కలిపి, ఎనిమిది నెలల పిల్లలకు రెండు నిమిషాలు వినిపించారు. అంత కొద్దిసేపట్లోనే పిల్లలు ఏ అక్షరం వెంట ఏది తప్పక వస్తుందో, ఏది అప్పుడప్పుడూ వస్తుందో లెక్కగట్టారు. తాము విన్న ‘మాటల’కూ, మాటల సరిహద్దు దాటిన కలగాపులగపు ముక్కలకూ తేడా కనిపెట్టారు. 1996లో వెలువడిన ఈ పరిశోధన నేటికీ ఈ రంగంలో గీటురాయి.

అయితే ఈ చదువుకు గురువు ఎవరు? 2003లో పెట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాషను పరిచయం చేసింది. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ, బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడిన మనిషి వద్ద పిల్లలు ఆ భాష ధ్వనులను నేర్చుకున్నారు. అవే మాటలను తెరపై చూపినప్పుడు గానీ, కేవలం వినిపించినప్పుడు గానీ ఏమీ నేర్చుకోలేదు. ఫోను చేతికిచ్చి ‘అదే నేర్చుకుంటుందిలే’ అనుకునే తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దాదీ ఒడి చేసే పనిని తెర చేయలేదు.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వింటే బిడ్డ తికమకపడుతుందనే భయమూ వద్దు. గర్భంలో ఉన్నప్పుడే రెండు భాషలు విన్న నవజాత శిశువులు ఆ రెంటినీ వేరువేరుగా గుర్తించగలరని వర్కర్ బృందమే 2010లో చూపింది.

ఇంత విలువైన ఏడాదిని వినికిడి లేని బిడ్డ పూర్తిగా కోల్పోతుంది. మన విచారమంతా ఇక్కడే ఉండాలి. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అంటూ రెండు మూడేళ్లు గడిపేసే ఇళ్లు ఎన్నో. వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ‘ఊ, ఊ’ అని ఊకొడుతుంది. పళ్లెం మోగిస్తే ఉలిక్కిపడే బిడ్డకు మామూలు మాట వినపడకపోవచ్చు. కనుక ఇంటి పరీక్షలను నమ్మరాదు. నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న సాధనం ఉంచి కొద్ది నిమిషాల్లో, నొప్పి లేకుండా వినికిడిని పరీక్షించవచ్చు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స ఆరంభం అన్నది నిపుణుల సూత్రం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడు కూడా చేరి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగడానికి వెనుకాడవద్దు.

ఈసారి ఇంటి కోడలు మాటలు రాని బిడ్డతో ముచ్చటిస్తుంటే నవ్వకండి. మీరూ పక్కన కూర్చోండి, రెండు మాటలు కలపండి. ఆ బిడ్డ ప్రతి అక్షరాన్నీ లెక్కబెట్టుకుంటోంది.