చివరి బెంచీ మీద సినిమా వేసిన ముద్ర

తెర మీద తరగతి గది కనిపించగానే మన ప్రేక్షకుడికి సగం కథ తెలిసిపోతుంది. ముందు బెంచీలో కళ్లద్దాల టాపర్, చివరి బెంచీలో అల్లరి కుర్రాడు, మధ్యలో పేర్లు కూడా గుర్తుండని మిగతావాళ్లు. 1985 నాటి హాలీవుడ్ చిత్రం 'ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్'లోనూ క్రీడాకారుడు, చదువరి, పోకిరి అనే మూసలున్నాయి. అయితే ఆ మూసల్లో పిల్లలు ఒకరినొకరు బిగించుకుంటారు. మన బడి కథల్లో ఆ పని మార్కులు చేస్తాయి. మార్కుల వెనుక ఇంటి ఆదాయం, కులం, ఇంగ్లిష్ మాట్లాడే అలవాటు దాగి ఉంటాయి.

2018 నాటి హిందీ చిత్రం 'హిచ్కీ' ఈ విషయాన్ని దాదాపు పట్టుకుంది. ఖరీదైన బడిలో 9-ఎఫ్ సెక్షన్ పిల్లలు 14 మంది. అందరూ విద్యాహక్కు చట్టం కింద చేరిన మురికివాడ పిల్లలు. 2009లో వచ్చిన ఆ చట్టం ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటుంది. బడి వారిని వెలివేసిందని సినిమా చెబుతుంది. కానీ వారిని పరిచయం చేసేది మాత్రం టీచర్లను తరిమేసే ఆకతాయిలుగానే. పరీక్షలో నెగ్గాకే వారికి గౌరవం దక్కుతుంది.

2007 నాటి 'తారే జమీన్ పర్' సోమరి అనే ముద్ర వెనుక డిస్లెక్సియా ఉండొచ్చని ఇంటింటికీ తెలియజెప్పింది. అక్కడ కూడా కుర్రాడు చివరికి గొప్ప చిత్రకారుడిగా మెరవాల్సి వచ్చింది. అంటే 'మొద్దు' అనే మూస పోయి 'దాగిన మేధావి' అనే మూస వచ్చింది. ఏ ప్రతిభా బయటపడని మామూలు పిల్లల సంగతేమిటి?

2024లో వచ్చిన మలయాళ చిత్రం 'స్థానార్థి శ్రీకుట్టన్' ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది. ఏడో తరగతిలో చివరి బెంచీ కుర్రాడు క్లాస్ లీడర్ ఎన్నికలో టాపర్ మీద పోటీ చేస్తాడు. చివరి బెంచీ అనేదే లేకుండా అందరినీ 'యు' ఆకారంలో కూర్చోబెట్టాలన్న ఆలోచన అతనిదే. 2025లో కేరళలోని కొన్ని బడులు ఆ పద్ధతిని నిజంగానే అమలు చేశాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. కిక్కిరిసిన గదుల్లో ఆ ఆకారానికి చోటు చాలదు. పక్కల కూర్చున్నవారు బోర్డు కోసం గంటల తరబడి మెడ తిప్పాలి. బెంచీ మారినా టీచర్ చూపు మారకపోతే పాత ముద్ర కొత్త చోటికి వస్తుంది. అయినా ఈ సినిమా చెప్పిన మాట విలువైనది. చివరి బెంచీ పిల్లవాడి స్వభావం కాదు, పెద్దలు వేసిన కుర్చీ. మేధావి అని రుజువు చేసుకోకుండానే అతను దాని నుంచి లేవగలగాలి.