మందు పడలేదని ఊరుకోకండి

నెలసరి నొప్పికి, పంటి పోటుకి, పిల్లల జ్వరానికి మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే చేతిలో పెట్టే మందుల్లో మెఫెనమిక్ యాసిడ్ ఒకటి. దాని విషయంలో జాగ్రత్త అంటూ 2023 నవంబరులో ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దేశమంతటినీ హెచ్చరించింది. కొందరిలో అది డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ తెస్తుంది. జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, మెడ దగ్గర బిళ్లలు కట్టడం. ముదిరితే కాలేయం, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం. పైగా ఇది మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలకు బయటపడుతుంది. అప్పటికి ఆ మాత్ర ఎవరికి గుర్తుంటుంది? వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి పడుకుంటాం.

ఆ హెచ్చరిక ఊరికే రాలేదు. మందుల దుష్ఫలితాలపై నిఘాకు 2010లో మొదలైన జాతీయ కార్యక్రమానికి అందిన నివేదికలను పరిశీలిస్తేనే ఆ ముప్పు బయటపడింది. మార్కెట్లోకి రాకముందు మందును సాధారణంగా పరీక్షించేది కొన్ని వేల మంది మీదే. పది వేల మందిలో ఒకరికి జరిగే కీడు అక్కడ కంటబడకపోవచ్చు. అది తేలేది మన ఇళ్లలోనే. మనం చెప్పకపోతే పైవాళ్లకు తెలిసే దారి లేదు.

చెబుదామన్నా ఆధారం ఉండాలి కదా. నాలుగు మాత్రలు అడిగితే షాపతను షీటును కత్తెరతో కత్తిరించి ఇస్తాడు; బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చే మాత్రలకైతే పేరే ఉండదు. బిల్లు అడిగి తీసుకోండి. కత్తిరించే ముందే షీటును ఫోన్లో ఫొటో తీసుకోండి.

డాక్టర్లకూ ఒక విన్నపం. ఓపీలో జనం బారులు తీరి ఉంటే మందు దుష్ఫలితాన్ని తెలిపే ఫారం నింపడం కష్టమే. కానీ "అలర్జీ" అని చీటీ మీద రాసి పంపేస్తే ఆ సమాచారం అక్కడితోనే ఆగిపోతుంది. నివేదిక ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఫారంలోనే స్పష్టంగా ఉంది. ఈ మందు వల్లేనని రుజువు చేయాల్సిన పనీ లేదు, అనుమానం చాలు.

మందు వాడాక దద్దుర్లతో జ్వరం వచ్చినా, ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వాడిన మందులన్నీ వెంట తీసుకెళ్లండి. బీపీకి, షుగరుకు, మూర్ఛకు వాడే మందులను మాత్రం డాక్టరును అడగకుండా సొంతంగా ఆపొద్దు. ప్రాణగండం తప్పాక పైన చెప్పిన జాతీయ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పండి: 1800-180-3024. రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ ఎవరైనా చెప్పవచ్చు. పేరు గోప్యంగా ఉంచుతారు.