ఓడకన్నా ముందు హిమానీనదాన్ని ఎంచుకోండి

అలాస్కా హిమానీనదాలు చూడాలంటే ఏ క్రూయిజ్ సంస్థ మంచిది? జవాబులన్నీ గది, భోజనం, టికెట్ ధర చుట్టూనే తిరుగుతాయి. నా దృష్టిలో ముందు అడగాల్సినవి వేరు. ఆ ఓడ ఏ హిమానీనదం దగ్గరకు వెళ్తుంది? అక్కడ వివరించేది ఎవరు?

గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు గరిష్ఠంగా రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా వంటి కొన్ని సంస్థలకే ఆ అనుమతి. మిగతా ఓడల్లో చాలావరకు హబ్బర్డ్ హిమానీనదానికో, ఎండికాట్ ఆర్మ్‌కో వెళ్తాయి.

ఈ తేడా చిన్నది కాదు. 1794లో వాంకూవర్ బృందం వచ్చేసరికి గ్లేసియర్ బే దాదాపు అంతా మంచే. ఆ తర్వాత అది సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి తగ్గింది. హబ్బర్డ్ మాత్రం 1895లో తొలిసారి కొలిచినప్పటి నుంచి ముందుకే జరుగుతోంది. మొదటిది చూసినవారు 'ఇదంతా మనిషి చేసిందే' అనుకోవచ్చు. రెండోది చూసినవారు 'భూతాపం అబద్ధం' అనుకోవచ్చు. రెండూ తొందరపాటే. గ్లేసియర్ బే మంచు తగ్గడం ఫ్యాక్టరీల పొగ పెరగక ముందే మొదలైంది. సముద్రంలో ముగిసే హిమానీనదాల కదలిక వాతావరణంతోపాటు నీటి లోతు మీద, అంచున పోగయ్యే మట్టిరాళ్ల గట్టు మీద కూడా ఆధారపడుతుంది. ఒక్క హిమానీనదాన్ని చూసి తీర్పు చెప్పలేం. ప్రపంచమంతటా తీసిన కొలతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: మొత్తంమీద మంచు తరిగిపోతోంది.

గ్లేసియర్ బేలో పార్కు రేంజర్లు ఓడెక్కి ఇలాంటి సంగతులు వివరిస్తారు. బాల్కనీ గది వదులుకునైనా ఆ ఓడే ఎక్కమంటాను. వేరే ఓడైతే, వివరించే నిపుణులు ఉంటారో లేదో టికెట్ కొనేముందే అడగండి.