మంజీర వెంట సైకిలు బాట కావాలి

సంపాదకుల వారికి,

ప్యారడైజ్ కూడలి నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. బోయిన్‌పల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై రాకపోకలు సాగించే ఎవరూ దాని అవసరాన్ని కాదనరు. అయితే ఆ పని చుట్టూ జరిగిన చర్చలో కార్లున్నాయి, లారీలున్నాయి, మెట్రో ఉంది, సైకిలు మాత్రం లేదు. సైకిలు కోసం ఏం చేశారంటే 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సౌరఫలకాల పైకప్పుతో ప్రారంభించిన 23 కిలోమీటర్ల ట్రాక్‌ను చూపిస్తారు. అది మంచి పనే. కానీ అది వ్యాయామానికి పనికొచ్చే బాట. పొద్దున కాసేపు తొక్కి ఇంటికి రావచ్చు, దాని మీద ఊరు దాటి ఊరు పోలేం. సైకిలు యాత్రకు తగిన దారి మనకు ఉత్తరాన, మంజీర లోయలో, దాదాపు సిద్ధంగా ఉంది. మెదక్ నుంచి బాసర దాకా ఉన్న పల్లె రోడ్లను, కాలువ గట్లను కలిపి ఒక సైకిలు యాత్రా మార్గంగా ప్రకటించాలని, అందుకు కొత్తగా ఒక్క కిలోమీటరు రోడ్డు కూడా వేయనవసరం లేదని ఈ లేఖలో నా వాదన.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, 724 కిలోమీటర్లు పారి గోదావరిలో కలుస్తుంది. ఆగ్నేయంగా వచ్చిన నది మన ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉత్తరానికి మళ్లుతుంది. 1965 నుంచి జంటనగరాలు ఈ నీళ్లు తాగుతున్నాయి. అయినా నగరంలో చాలామందికి మంజీర నల్లా బిల్లులో కనిపించే పేరే తప్ప కళ్లారా చూసిన నది కాదు. చూడదగ్గది లేక కాదు. ఏడుపాయల దగ్గర నది పాయలుగా చీలి వనదుర్గమ్మ గుడిని చుట్టుకొని పోతుంది. ఆ పక్కనే ఘనపూర్ ఆనకట్ట, దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు. మెదక్‌లో కొండ మీద కోట, దిగువన 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకున్న చర్చి. కరువు రోజుల్లో పని దొరికి బతికిన జనం చేతుల మీదుగా లేచిన కట్టడం అది. ఆపైన పోచారం చెరువు, అభయారణ్యం. ఇంకా ముందుకెళ్తే నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్. దాని ప్రధాన కాలువ వెంట బాన్సువాడ, వర్ని, బోధన్. కాలువ నీళ్లను నమ్ముకొని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్ల పేర్లలో ‘క్యాంపు’ అన్న మాట ఇప్పటికీ ఉంది. చివరికి కందకుర్తి, అక్కడ మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే త్రివేణి సంగమం, ఆ తర్వాత బాసర. మతాలు, యాసలు, పంటలు, ఇంజనీరింగ్ అన్నీ ఒకే నది చుట్టూ అల్లుకున్న ఇలాంటి దారి నగరానికి ఇంత దగ్గరలో మరొకటి ఉందనుకోను.

ఈ దారిని సైకిలుకే ఎందుకు ఇవ్వాలన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మొదటి కారణం నేల తీరు. నది వాలును పట్టుకొని పోయే దారిలో పెద్ద ఎక్కుడు ఉండదు, కాలువ గట్టు మీద అసలే ఉండదు. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు తొక్కగల మామూలు మనిషికి ఇది మూడు రోజుల ప్రయాణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. దారికి రెండు కొసల్లోనూ రైలు ఉంది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు వేసిన లైను 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది, కాచిగూడ నుంచి బొల్లారం, మేడ్చల్ మీదుగా రైలు నడిచింది. బాసర స్టేషన్ సికింద్రాబాద్–మన్మాడ్ లైనులోనే ఉంది. సైకిలు యాత్రికుడికి అసలు ప్రమాదం పల్లెలో కాదు, సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ దాటే తొలి ముప్పై కిలోమీటర్లలో. ఆ ముక్కను రైలు మీద దాటిస్తే మిగిలింది ప్రశాంతమైన దారే. కానీ మన రైళ్లలో సైకిలును పెట్టెలోకి ఎక్కించనివ్వరు. లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయాలి, దిగే స్టేషన్‌లో బండి కొద్ది నిమిషాలే ఆగుతుంది. ముంబయి లోకల్ రైళ్లలో సరుకులవాళ్ల కోసం ప్రత్యేక పెట్టె ఉన్నట్టు, మెదక్ రైలులో సగం పెట్టె సైకిళ్లకు కేటాయిస్తే ఈ చిక్కు తీరుతుంది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు మోసుకొచ్చేవాళ్లకూ అదే పెట్టె పనికొస్తుంది.

ఇది గాలిలో మేడ కాదనడానికి డాన్యూబ్ నది ఉదాహరణ చాలు. జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా ఆ నది వెంట పోయే సైకిలు మార్గం ప్రపంచ ప్రసిద్ధం. దానికోసం మొత్తం దారిని కొత్తగా వేయలేదు. ఒకప్పుడు గుర్రాలు ఒడ్డున నడుస్తూ పడవలను తాళ్లతో లాగిన బాటలను చాలాచోట్ల వాడుకున్నారు. ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట దాదాపు 900 కిలోమీటర్ల మార్గం కూడా అధిక భాగం చిన్న రోడ్ల మీదే సాగుతుంది. అక్కడ పల్లెల్లో జరిగినది మనం జాగ్రత్తగా గమనించాలి. కారులో వచ్చే యాత్రికుడు ఏడుపాయల చూసి, మెదక్ చర్చి ముందు ఫొటో తీసుకొని, చీకటి పడేలోపు నగరానికి తిరిగొస్తాడు. మధ్య ఊళ్లకు అతను మిగిల్చేది దుమ్మే. సైకిలు మీద వచ్చినవాడు గంటకోసారి ఆగాలి, నీళ్లు తాగాలి, కడుపునిండా తినాలి, చీకటి పడితే ఏదో ఒక ఊళ్లో పడుకోవాలి. అందుకే డాన్యూబ్ ఒడ్డున చిన్న ఊళ్లలో సత్రాలు బతుకుతున్నాయి, రైతులు తమ ఇళ్లలో గదులు అద్దెకిస్తున్నారు. పర్యాటకం పేరుతో ఒక్కచోట రిసార్టు కడితే ఆ డబ్బు ఒక్క గల్లాపెట్టెలోకే పోతుంది. ఎల్లారెడ్డిలో మెస్సుకు, బాన్సువాడలో లాడ్జికి, వర్నిలో పంక్చర్ షాపుకు పంచే పర్యాటకం సైకిలుదే.

మన ఎండలకు ఇది సాగదన్న అభ్యంతరంలో కొంత నిజముంది. మార్చి నుంచి జూన్ దాకా ఈ దారి యాత్రకు పనికిరాదు, వానాకాలంలోనూ జాగ్రత్త అవసరం. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత వానలకు రోడ్లు తెగాయి, రైలు కట్ట కొట్టుకుపోయింది. సింగూరు గేట్లు ఎత్తితే ఏడుపాయల గుడి నీట మునుగుతుంది. కనుక అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఐదు నెలలు చాలు. యూరప్‌లో నదీ మార్గాల్లో మంచు రోజుల్లో తిరిగేవాళ్లు తక్కువే, అయినా అవి నిలిచాయి. వానాకాలం పోయాక చెరువులు మత్తడి దుంకి, వరి కోతకొచ్చే రోజుల్లో ఈ లోయ ఎలా ఉంటుందో ఆ జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు.

కాలువ గట్లు నీటిపారుదల శాఖ తనిఖీల కోసమే తప్ప జనం తిరగడానికి కాదన్న వాదన మరింత బరువైనది. గట్టు కుంగితే నష్టపోయేది ఆయకట్టు రైతే కాబట్టి ఆ శాఖ పట్టుదలను తప్పుపట్టలేం. కానీ గట్టును కుంగదీసేది ట్రాక్టర్లు, టిప్పర్లు. సైకిలు మాత్రమే పట్టేంత సందు వదిలి ఇనుప అడ్డు నాటితే సైకిలుకు దారి దొరుకుతుంది, టిప్పరుకు దారి మూసుకుంటుంది, శాఖ కోరుకునేదీ అదే. గట్టు బలహీనంగా ఉన్నచోట పక్క ఊరి రోడ్డు మీదికి మళ్లించాలి. ఇక సింగూరు నుంచి మంజీర బ్యారేజీ దాకా నది అభయారణ్యం. మొసళ్లు, వలస పక్షులు ఉండే ఆ 36 కిలోమీటర్ల ఒడ్డును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కదిలించకూడదు. మార్గాన్ని సంగారెడ్డి నుంచి కాకుండా మెదక్ నుంచి మొదలుపెట్టమనడానికి కారణం ఇదే.

పల్లెవాళ్లకే సరైన రోడ్లు లేనప్పుడు పట్నంవాళ్ల సరదాకు ఖర్చెందుకన్నది అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న. నేను అడిగేది పల్లెవాళ్లకు ముందుగా పనికొచ్చేదే. రోడ్డు పక్క మట్టి అంచును గట్టిపరిచి తెల్లగీత గీస్తే దాని మీద రోజూ తిరిగేది బడికి సైకిలు మీద వెళ్లే ఆడపిల్లలు, పాలు పోసే రైతులు, కూలికి పోయేవాళ్లు. యాత్రికుడు ఏడాదిలో ఒకసారి వస్తాడు, వాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. బోయిన్‌పల్లి మార్కెట్ యార్డుకు కూరగాయలు పంపే జిల్లాల్లో ఉత్తర తెలంగాణ పల్లెలున్నాయి. ఆ ఊళ్ల రోడ్డు అంచు బాగుపడటం మనకు సంబంధం లేని విషయం కాదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కందకుర్తి, బాసరలకు ఘాట్లు, రోడ్ల కోసం ఎలాగూ నిధులు కేటాయిస్తారు. ఆ పనుల అంచనాల్లోనే బోధన్ నుంచి బాసర దాకా రోడ్డు అంచు వెడల్పును, తెలుగులో దారి చూపే బోర్డులను చేరిస్తే తొలి విడత పూర్తవుతుంది. మిగతా దారికి పర్యాటక శాఖ, నీటిపారుదల శాఖ, మెదక్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల కలెక్టర్లు ఒకచోట కూర్చొని పటం గీయాలి. సగం పెట్టె విషయం దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్‌లోని తన కార్యాలయంలోనే తేల్చగలదు. ఈ రెండింటిపై సంబంధిత అధికారుల సమాధానం తమ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బోయిన్‌పల్లి, సికింద్రాబాద్